అసెంబ్లర్ మారితే డేటా ఎక్కడ కూర్చుంటుంది?

(తిరుపతిలో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ విద్యార్థులకూ, ఫర్మ్‌వేర్ పనిలో ఉన్న కుర్రవాళ్ళకూ ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బోర్డు మీద బైట్లు వరసగా రాయాల్సి వస్తుంది, అక్కడ్నుంచి కనపడవు.

ఈ రోజు ఒకే విషయం మాట్లాడుకుందాం. అసెంబ్లర్ అంటే మనం రాసిన ఇన్‌స్ట్రక్షన్లను చిప్‌కు అర్థమయ్యే బైట్లుగా మార్చే ప్రోగ్రాం కదా. ఒక అసెంబ్లర్ కోసం రాసిన ప్రోగ్రాంను ఇంకో అసెంబ్లర్‌లోకి మార్చేటప్పుడు డేటా చోటు తప్పడం. అలైన్‌మెంట్ తప్పడం అంటాం కదా, అదే. దీని మీదే గంటసేపు ఎందుకు అంటారా? ఇన్‌స్ట్రక్షన్ తప్పు రాస్తే అసెంబ్లరే ఎర్రర్ ఇస్తుంది, ఏ లైన్లో తప్పో కూడా చెప్తుంది. డేటా చోటు తప్పితే ఎవరూ చెప్పరు. అసెంబుల్ అవుతుంది, లింక్ అవుతుంది, బోర్డులోకి ఎక్కుతుంది, లైటు కూడా వెలుగుతుంది. లెక్క మాత్రం తప్పు వస్తుంది. అందుకే దీని మీద ఇంత సేపు.

మన వైపు చాలా కాలేజీల ఎంబెడెడ్ ల్యాబుల్లో ఎల్‌పీసీ2148 అనే ఆర్మ్ చిప్ ఉన్న బోర్డులు ఉంటాయి. కైల్ సాఫ్ట్‌వేర్‌లో, ఆర్మ్ కంపెనీ వాళ్ళ పాత అసెంబ్లర్ ఆర్మ్‌ఆస్మ్‌లో ప్రోగ్రాంలు రాసి ఉంటారు. రేపు రేణిగుంటలోనో శ్రీసిటీలోనో ఉద్యోగానికి వెళ్తే అక్కడ కూడా పాత కోడ్ కనిపించొచ్చు. కానీ ఆర్మ్ కంపైలర్ 6 వచ్చాక గ్నూ, అంటే ఉచితంగా దొరికే టూల్స్ వాళ్ళ పద్ధతి రాతే ప్రధానం అయిపోయింది. ఆర్మ్‌ఆస్మ్‌ను కొత్త పనులకు వాడొద్దని ఆ కంపెనీయే చెప్తోంది. కాబట్టి పాత ఫైళ్ళను గ్నూ అసెంబ్లర్‌లోకి మార్చే పని మీలో కొందరికి తప్పదు. తప్పదు అన్నప్పుడు సరిగ్గా చేద్దాం.

అలైన్‌మెంట్ అంటే ఏమిటో ఒక్క నిమిషంలో గుర్తు చేస్తాను. డేటా మొదలయ్యే అడ్రసు 2, 4, 8 లాంటి ఒక సంఖ్యకు గుణిజంగా ఉండటమే అలైన్‌మెంట్. 4 గుణిజం మీద ఉంటే 4 బైట్ల హద్దు మీద ఉంది అంటాం. 8086 చదివారు కదా? అందులో 16 బిట్ల వర్డ్ సరి అడ్రసులో ఉంటే ఒక్క బస్ సైకిల్‌లో వచ్చేస్తుంది. బేసి అడ్రసులో ఉంటే రెండు సైకిళ్ళు, అంటే 4 క్లాకులు అదనం. అక్కడ నష్టం కాసింత సమయం, అంతే. జవాబు మాత్రం సరిగ్గానే వస్తుంది. చాలామంది ఈ పాఠం దగ్గరే ఆగిపోయి, అలైన్‌మెంట్ అంటే వేగం సంగతి అనుకుంటారు. అన్ని చిప్‌లూ 8086 లాగా ఓపిక పట్టవు. కొన్ని ఆగిపోతాయి. కొన్ని ఆగకుండా తప్పు విలువ చేతికిస్తాయి. ఆ రెండో రకంతోనే మనకు ఎక్కువ ప్రమాదం.

బోర్డు మీద ఒక లైను రాస్తున్నాను. డాట్ అలైన్ 4. గ్నూ అసెంబ్లర్‌లో ఇది ఎన్ని బైట్ల హద్దు? చెప్పండి. నాలుగు అంటున్నారు. ఇంకెవరైనా? అక్కడ కిటికీ దగ్గర అబ్బాయి పదహారు అన్నాడు. ఇద్దరూ రైటే. ఇంటెల్ చిప్‌కి, లైనక్స్‌లో వాడే ఈఎల్‌ఎఫ్ ఫైల్ అయితే 4 బైట్లు. అదే గ్నూ అసెంబ్లర్ ఆర్మ్‌కి పని చేసేటప్పుడు, ఆ 4 ను రెండు మీద ఘాతంగా తీసుకుంటుంది, అంటే 16 బైట్లు. పవర్‌పీసీకి కూడా అంతే. యాపిల్ మ్యాక్‌లో అయితే ఇంటెల్ చిప్‌కి కూడా ఘాతమే. అసెంబ్లర్ పేరు ఒకటే, రాసిన లైను ఒకటే, అర్థం మాత్రం చిప్‌ను బట్టి, ఫైల్ ఫార్మాట్‌ను బట్టి మారిపోతుంది. దామలచెరువు మామిడి మండీలో ఒకాయన వచ్చి "నాలుగు" అని ఊరుకుంటే ఎవరికి ఏం తెలుస్తుంది? టన్నులా, గంపలా? ఈ లైను కూడా అలాగే ఉంది, సంఖ్య ఉంది, కొలత లేదు.

ఆర్మ్‌ఆస్మ్‌లో సంగతి ఇంకా చూడండి. అందులో విడిగా అలైన్ 8 అని రాస్తే 8 బైట్లు. బాగుంది. కానీ అదే ఫైల్లో పైన ఏరియా అనే లైను ఉంటుంది కదా, సెక్షన్ మొదలుపెట్టేది, అందులో అలైన్ ఈక్వల్స్ 3 అని రాస్తారు. అక్కడ 3 అంటే రెండు మీద 3 ఘాతం, 8 బైట్లు. ఒకే అసెంబ్లర్‌లో, ఒకే ఫైల్లో, ఒకే మాటకు ఒక చోట బైట్లు, ఇంకో చోట ఘాతం. దీన్ని పెన్నుతో గుండ్రం చుట్టి పెట్టుకోండి, ఎడిటర్‌లో ఫైండ్-రీప్లేస్ కొట్టే ముందు.

ఫైండ్-రీప్లేస్ కొడితే ఏమవుతుంది? ఆర్మ్‌ఆస్మ్‌లోని అలైన్ 8 ను గ్నూలో డాట్ అలైన్ 8 గా మార్చారనుకోండి. ఆర్మ్ మీద అది 256 బైట్ల హద్దు. ఒక్కో చోట 255 బైట్ల దాకా ఖాళీ పోవచ్చు. ఎల్‌పీసీ2148 లో మనకున్న మామూలు ర్యామ్ 32 కిలోబైట్లు. అలాంటివి ఒక ఇరవై లైన్లు ఉంటే ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోండి. ఇక అటు నుంచి ఇటు వద్దాం. గ్నూలో డాట్ అలైన్ 3 ఉంది, ఆర్మ్‌ఆస్మ్‌లో అలైన్ 3 అని రాశారు. అది రెండు ఘాతం కాదు కాబట్టి ఆర్మ్‌ఆస్మ్ ఒప్పుకోదు, ఎర్రర్ వస్తుంది. మంచిదే, దొరికిపోయింది. కానీ డాట్ అలైన్ 2 ను అలైన్ 2 అని రాస్తే? గ్నూలో అది 4 బైట్లు, ఇక్కడ 2 బైట్లు. రెండూ చెల్లే సంఖ్యలే. ఎర్రర్ రాదు. సగం సార్లు అదృష్టం కొద్దీ సరిపోతుంది కూడా.

దీనికి మందు సులువు. గ్నూలో డాట్ అలైన్ వాడకం మానేయండి. డాట్ బి-అలైన్ అని ఒకటుంది, దానికి ఇచ్చే సంఖ్య ఎప్పుడూ బైట్లే, ఏ చిప్ అయినా. డాట్ పి2అలైన్ అని ఇంకొకటుంది, దానికి ఎప్పుడూ ఘాతమే. ఈ రెండింటిలో ఒకటి పట్టుకోండి. నేనైతే బి-అలైన్ అంటాను, చదివేవాడికి లెక్క కట్టే పని ఉండదు.

ఇంకో చిన్న తేడా చెప్పి ముందుకెళ్తాను. ఆర్మ్‌ఆస్మ్‌లో అలైన్‌కి రెండో సంఖ్య కూడా ఇవ్వొచ్చు. అలైన్ 4, కామా, 3 అంటే నాలుగు గుణిజం మీద ఇంకో మూడు కలిస్తే వచ్చే తర్వాతి అడ్రసు. ఇప్పుడు 1 దగ్గర ఉన్నామనుకోండి, 3 కి వెళ్తుంది. దీన్ని గ్నూలో బి-అలైన్ 4 చేసి, ఆ తర్వాత మూడు బైట్లు వదిలితే 7 కి వెళ్తారు. గ్నూలో రెండో సంఖ్యకు అర్థమే వేరు, అది ఖాళీలో ఏ బైటు నింపాలో చెప్తుంది. కాబట్టి ఆ లైన్లను చేత్తో లెక్క వేసి మార్చండి.

ఒక పాల పట్టిక

ఇప్పటిదాకా రాసి ఉన్నదాని గురించి మాట్లాడాం. అసలు కష్టం రాయకుండా జరిగే దానితో. అక్కడికి వద్దాం.

మన చిత్తూరు వైపు పాల కేంద్రాలు ఊరూరా ఉంటాయి కదా. పాలు తూచి, రేటు కట్టి, చీటీ ఇచ్చే చిన్న మిషన్ తయారు చేస్తున్నాం అనుకుందాం. అందులో ఒక పట్టిక ఉంది. ఆవు పాలు, ఎనుము పాలు, కలిపిన పాలు. ఒక్కో రకానికి ఒక బైటు, ఆ రకం నంబరు. దాని వెనకే నాలుగు బైట్ల వర్డ్, లీటరు రేటు, పైసల్లో. ఆవు పాలకు 44 రూపాయలు, ఎనుము పాలకు 60, కలిపిన పాలకు 52 అని పెట్టుకుందాం. లెక్కకు పెట్టుకున్న రేట్లు ఇవి, ఏ డెయిరీవీ కావు. పైసల్లో 4400, 6000, 5200. హెక్సాలో రాస్తే 1130, 1770, 1450. చూడండి, అక్షరాలేవీ రాకుండా అంకెలతోనే కుదిరాయి, చదవడానికి తేలిక.

ఆర్మ్‌ఆస్మ్‌లో బైటుకు డీసీబీ, వర్డుకు డీసీడీ. ఆ డీసీడీకి ఒక గుణం ఉంది. అది తన డేటాను 4 బైట్ల హద్దు మీద తనే కూర్చోబెడుతుంది, మనం అలైన్ రాయకపోయినా సరే. అందుకని మెమరీలో పట్టిక ఇలా వస్తుంది. రాస్తున్నాను, చూడండి.

01 00 00 00 30 11 00 00
02 00 00 00 70 17 00 00
03 00 00 00 50 14 00 00

మొత్తం 24 బైట్లు. నంబరు బైటు తర్వాత మూడు సున్నాలు అసెంబ్లర్ కలిపినవి. ఇప్పుడు దీన్ని గ్నూలోకి మారుద్దాం. డీసీబీ అంటే డాట్ బైట్, డీసీడీ అంటే డాట్ వర్డ్. ఏ పట్టిక తెరిచి చూసినా అదే రాసి ఉంటుంది. మార్చాం. ఆర్మ్‌కి పని చేసే గ్నూ అసెంబ్లర్‌లో డాట్ వర్డ్ తనంతట తాను ఏ హద్దూ చూసుకోదు. ముందున్న బైటు ఎక్కడ ముగిస్తే అక్కడే మొదలుపెడుతుంది. పట్టిక ఇలా వస్తుంది.

01 30 11 00 00 02 70 17 00 00 03 50 14 00 00

పదిహేను బైట్లు. మధ్యలో ఖాళీలు లేవు. ఒక్క అక్షరం తప్పు రాయలేదు మనం. కానీ పట్టిక మారిపోయింది.

ఇప్పుడు దీన్ని చదివే కోడ్ చూద్దాం. రెండు రకాలుగా రాసి ఉండొచ్చు. మొదటి రకం, పట్టిక మొదటి నుంచి నాలుగు బైట్లు దాటి రేటు చదువు, తర్వాతి రకానికి ఎనిమిది బైట్లు జరుగు అని. పాత కోడ్ రాసినాయనకు ఆ ఖాళీలు ఉంటాయని తెలుసు, అందుకే 4, 8 అని రాశాడు. కొత్త పట్టికలో నాలుగో బైటు దగ్గర నుంచి చదివితే ఏముంది? మొదటి బైటును సున్నా అనుకుని వేలు పెట్టి లెక్కపెట్టండి. 00, 02, 70, 17. చిన్న బైటు ముందు వచ్చే పద్ధతి కాబట్టి హెక్సాలో 17700200. పైసలుగా 39,32,16,512. అంటే లీటరు ఆవు పాలు 39 లక్షల 32 వేల రూపాయలు. ఎనుము పాలకు పన్నెండో బైటు దగ్గర నుంచి చదువుతుంది. 14, 00, 00, పట్టిక అయిపోయాక వచ్చే ఇంకో బైటు. అది కూడా సున్నా అయితే 20 పైసలు. ఏ చిప్ మీదైనా ఇదే జవాబు, ఎందుకంటే పట్టిక మొదలు నాలుగు గుణిజం మీద ఉంటే ఈ అడ్రసులు కూడా నాలుగు గుణిజాలే. చిప్‌కు అభ్యంతరం ఏమీ లేదు, అడిగిన చోట ఉన్నది ఇచ్చింది. ఇలాంటిది మొదటి రోజే దొరుకుతుంది. ఎవరికైనా కనపడుతుంది.

రెండో రకం కోడ్ చూడండి, ఇది దొరకదు. ఒక్కో రేటుకూ ఒక లేబుల్, అంటే ఆ అడ్రసుకు ఒక పేరు పెట్టి, ఆ లేబుల్ అడ్రసు నుంచే నేరుగా చదివారు. ఇప్పుడు ఆవు పాల రేటు 1 వ బైటు దగ్గర ఉంది, నాలుగు గుణిజం కాదు. మన ఎల్‌పీసీ2148 లోపల ఉన్నది ఏఆర్‌ఎం7 టీడీఎంఐ కోర్. నాలుగు గుణిజం కాని అడ్రసు నుంచి వర్డ్ అడిగితే అది ఏం చేస్తుందో తెలుసా? కింది హద్దు దగ్గరి వర్డును తెచ్చి, అడిగిన బైటు కుడి చివరకు వచ్చేలా తిప్పి ఇస్తుంది. తిప్పి ఇస్తుంది, పక్క వర్డులోకి చూడదు. ఎర్రర్ లేదు, ఆగడం లేదు.

చేసి చూద్దాం. 0 దగ్గరి వర్డ్ 01 30 11 00, అంటే 00113001. కుడివైపుకు ఎనిమిది బిట్లు తిప్పితే 01001130. కింది నాలుగు అంకెలు చూడండి. 1130. మన 44 రూపాయలే! పైన అనవసరంగా ఒక 01 వచ్చి కూర్చుంది, అది పాల రకం నంబరు. తర్వాతి కోడ్ కింది 16 బిట్లే వాడుకుంటే ఆవు పాల రేటు అచ్చంగా సరిపోతుంది. ఎనుము పాలకు వద్దాం. ఆ రేటు 6 దగ్గర ఉంది. 4 దగ్గరి వర్డ్ 17700200. పదహారు బిట్లు తిప్పితే 02001770. కింద 1770. అదీ సరిపోయింది. కలిపిన పాల రేటు 11 దగ్గర ఉంది. 8 దగ్గరి వర్డ్ 00 00 03 50, అంటే 50030000. ఇరవై నాలుగు బిట్లు తిప్పితే 03000050. కింద ఏముంది? 0050. ఎనభై పైసలు. 52 రూపాయలు పోయి 80 పైసలు వచ్చింది.

గమనించారా? ఆవు పాలు పోసి చూస్తారు, సరిపోతుంది. ఎనుము పాలు పోసి చూస్తారు, సరిపోతుంది. పాస్ అయిందని సంతకం పెట్టేస్తారు. కలిపిన పాలు తెచ్చిన ఆమెకు లీటరుకు ఎనభై పైసలు చీటీ వస్తుంది. తెల్లవారుజామున క్యాన్ మోసుకొచ్చిన మనిషి ఆమె. ఆమె చేతిలో ఆ చీటీ పెట్టేది మన కోడ్. మన పని ఎంత జాగ్రత్తగా ఉండాలో దీన్ని బట్టి చూడండి.

ఇదే ప్రోగ్రాం ఆర్మ్ వాళ్ళదే ఇంకో కోర్, కార్టెక్స్-ఎం3 మీదికి తీసుకెళ్ళండి. మూడు రేట్లూ సరిగ్గా వస్తాయి, ఎందుకంటే మామూలు లోడ్‌కి ఆ చిప్ ఏ అడ్రసునైనా ఒప్పుకుంటుంది. కార్టెక్స్-ఎం0 మీదికి తీసుకెళ్ళండి. మొదటి లోడ్ దగ్గరే హార్డ్‌ఫాల్ట్, మిషన్ ఆగిపోతుంది. ఒకే సోర్సు, ఒకే అసెంబ్లర్, మూడు చిప్‌లు, మూడు ఫలితాలు. అందుకే "నా బోర్డు మీద పని చేస్తోంది సార్" అంటే నేను ఒప్పుకోను. ఏ బోర్డు?

ఇక సరిచేయడం. ప్రతి డీసీడీకి ముందు డాట్ బి-అలైన్ 4 పెట్టి, తర్వాత డాట్ వర్డ్ రాయండి. పట్టిక మొదట్లో కూడా ఒకటి పెట్టండి. డీసీడబ్ల్యూ, అంటే రెండు బైట్లది, దానికి ముందు బి-అలైన్ 2. డీసీక్యూ ఎనిమిది బైట్లది అయినా ఆర్మ్‌ఆస్మ్ దాన్ని నాలుగు బైట్ల హద్దు మీదే పెడుతుంది, ఎనిమిది మీద కాదు. అది గుర్తుంచుకుని 4 రాయండి, లేకపోతే పాత పట్టికతో కలవదు. డీసీడీయూ, డీసీడబ్ల్యూయూ అని చివర యూ ఉన్నవి కనిపిస్తే ఆగండి. అవి హద్దు చూసుకోవు. రాసినాయన కావాలనే ఖాళీ వద్దనుకున్నాడు, బయటికి పంపే ప్యాకెట్టో, ఫైల్ హెడ్డరో అయి ఉంటుంది. వాటికి ముందు బి-అలైన్ పెడితే మీరే చెడగొట్టినవాళ్ళవుతారు.

లేబుల్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ఆర్మ్‌ఆస్మ్‌లో లేబుల్, డీసీడీ ఒకే లైన్లో ఉంటే లేబుల్‌కు వచ్చేది ఖాళీ దాటిన తర్వాతి అడ్రసు. గ్నూలో మీరు ముందు లేబుల్, కింద బి-అలైన్, దాని కింద డాట్ వర్డ్ రాస్తే లేబుల్ ఖాళీ దగ్గరే ఉండిపోతుంది, డేటా ముందుకు జరిగిపోతుంది. వర్డ్ సరైన చోట ఉంటుంది, దాని పేరు మాత్రం తప్పు చోట ఉంటుంది. ముందు బి-అలైన్, తర్వాత లేబుల్, తర్వాత డేటా. ఈ వరస తప్పకండి. మళ్ళీ చెప్తున్నాను, ముందు బి-అలైన్, తర్వాత లేబుల్, తర్వాత డేటా.

ఎక్కడెక్కడ పెట్టాలో వెతుక్కోవడం ఎలా? వేల లైన్ల ఫైల్ అయితే? ఆర్మ్‌ఆస్మ్ ఇక్కడ ఒక మేలు చేసింది. తను ఖాళీ కలిపిన ప్రతి చోటా ఒక హెచ్చరిక ఇస్తుంది, 1581 నంబరుది, ఫలానా అడ్రసులో ఇన్ని బైట్లు కలిపాను అని. చాలామంది ఆ హెచ్చరికలు చూడరు, విసుగొచ్చి ఆపేసి పెట్టుకుంటారు. పాత టూల్ మీ దగ్గర ఇంకా ఉంటే, కోడ్ మార్చే ముందు దాంతో ఒకసారి బిల్డ్ చేసి ఆ హెచ్చరికలన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. బి-అలైన్ ఎక్కడ పెట్టాలో ఆ జాబితాయే చెప్తుంది. అలాగని గ్నూలో ఏ చిప్‌కైనా డాట్ వర్డ్ ఇలాగే ఉంటుందనుకోకండి. మిప్స్‌కి అయితే అదే గ్నూ అసెంబ్లర్ డాట్ వర్డును తనే హద్దు మీద పెడుతుంది.

ఇంటెల్ వైపు

కంప్యూటర్స్ వాళ్ళు మాకేం పని అన్నట్టు చూస్తున్నారు. మీకూ ఉంది. మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్ మాస్మ్ నుంచి, ఇంటెల్ చిప్‌లకే ఉన్న ఇంకో అసెంబ్లర్ నాస్మ్‌కి, లేదా గ్నూకి మార్చేవాళ్ళు మీరే.

మాస్మ్‌లో 32 బిట్ల ఫ్లాట్ మోడల్‌లో డాట్ డేటా అని రాసి, కింద అలైన్ 16 అంటే 2189 నంబరు ఎర్రర్ వస్తుంది, సెగ్మెంట్ అలైన్‌మెంట్‌తో కుదరదు అని. ఎందుకు? సెగ్మెంట్ నాలుగు బైట్ల హద్దు మీదే మొదలవుతుందని ఉన్నప్పుడు, లోపల పదహారు అని మాటివ్వడం కుదరదు. సెగ్మెంట్ ఎక్కడ కూర్చుంటుందో తెలియకుండా లోపలి అడ్రసుకు హామీ ఎలా ఇస్తాం? మాస్మ్ నిజాయితీగా ఆ మాట చెప్పింది. అందుకని మాస్మ్ వాళ్ళు పారా అని, 16 బైట్ల సెగ్మెంట్ విడిగా తెరుచుకుని అందులో డేటా పెడతారు. మీరు మార్చేటప్పుడు ఆ సెగ్మెంట్ లైను పాతకాలపు గొడవ అనుకుని తీసేశారా, హద్దు పోయినట్టే. నాస్మ్‌లో ఈఎల్‌ఎఫ్ డేటా సెక్షన్‌కి మామూలుగా ఉండేది 4 బైట్లే. ఇప్పటి నాస్మ్‌లో అలైన్ రాస్తే సెక్షన్ హద్దు కూడా తనే పెంచుతుంది, పాతవాటిలో అది లేదు. గ్నూ కూడా పెంచుతుంది.

నాస్మ్‌లో ఇంకో సంగతి. అలైన్ అని మాత్రమే రాస్తే ఖాళీలో నాప్, అంటే ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్ నింపుతుంది, హెక్సాలో 90, డేటా మధ్యలో అయినా సరే. మాస్మ్ డేటా సెగ్మెంట్‌లో సున్నాలు నింపుతుంది. ఇందులో ప్రమాదం ఏముంది? ఎవరో ఒక స్ట్రింగ్ రాసి, చివర సున్నా పెట్టడం మరిచిపోయి ఉంటారు. ఆ ఖాళీలోని సున్నా ఇన్నేళ్ళూ ముగింపుగా పనిచేసింది. నాస్మ్‌లోకి రాగానే ఆ చోట 90 వచ్చింది, స్ట్రింగ్ పక్క డేటాలోకి పారుతుంది. డేటాలో రాసేటప్పుడు అలైన్ 16, కామా, డీబీ 0 అని రాయండి. విలువలు లేని బీఎస్ఎస్‌లో అయితే అలైన్‌బి వాడండి.

ఇంటెల్‌లో మామూలు లోడ్‌లకు హద్దు తప్పినా పర్వాలేదు. కానీ ఒకేసారి 16 బైట్లు కదిలించే మూవ్-ఏపీఎస్ లాంటి ఇన్‌స్ట్రక్షన్లకు 16 బైట్ల హద్దు తప్పనిసరి. తప్పితే జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్. లైనక్స్‌లో అది సెగ్మెంటేషన్ ఫాల్ట్‌గా కనపడుతుంది, మీరేమో నల్ పాయింటర్ కోసం గంటలు గంటలు వెతుకుతారు. డీబగ్గర్‌లో ఆగిన ఇన్‌స్ట్రక్షన్ మూవ్-ఏపీఎస్ అయితే ముందు అడ్రసు చివరి హెక్సా అంకె చూడండి. సున్నా కాకపోతే జబ్బు అక్కడే ఉంది. ప్రింట్‌ఎఫ్‌లో క్రాష్ అయితే స్టాక్ చూడండి. లైనక్స్‌లో 64 బిట్లకు, కాల్ చేసే ముందు స్టాక్ పాయింటర్ 16 గుణిజంగా ఉండాలి. విండోస్‌లోనూ 16 కావాలి, దాంతోపాటు పిలిచినవాడు 32 బైట్ల చోటు వదలాలి. అక్కడి కోడ్ ఇక్కడికి తెచ్చి ఆ 32 తీసేసేటప్పుడు 8 తేడా రాకుండా చూసుకోండి.

సరే, అన్నీ మార్చేశాం. సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది? నడిపి చూడటం చాలదు, పాల పట్టికలో చూశాం కదా. మెమరీ పటాలు పక్కపక్కన పెట్టి చూడాలి. పాత ఆబ్జెక్ట్ ఫైల్, కొత్త ఆబ్జెక్ట్ ఫైల్, రెండింటిలోని లేబుళ్ళనూ ఎన్ఎం అనే టూల్‌తో అడ్రసు వరసలో తీయండి. డేటా సెక్షన్‌లో ప్రతి లేబుల్‌కూ పాత ఆఫ్‌సెట్, కొత్త ఆఫ్‌సెట్ పక్కపక్కన పెట్టండి. మొదటి తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే ఆగండి. కిందివన్నీ దాని వల్లే జరిగి ఉంటాయి, వాటి వెంట పడొద్దు. పైది సరిచేసి మళ్ళీ తీయండి. రీడ్‌ఎల్ఫ్‌తో సెక్షన్ల పట్టిక చూడండి, చివరి కాలమ్‌లో ఒక్కో సెక్షన్ హద్దు ఉంటుంది. ఆబ్జ్‌డంప్‌తో డేటా బైట్లు తీసి పాతవాటితో పోల్చండి. అడ్రసులు నింపాల్సిన చోట్ల తేడాలుంటాయి, మిగతాచోట్ల ఒక్క బైటు తేడా ఉన్నా కారణం చెప్పగలగాలి.

లింకర్ స్క్రిప్ట్, అంటే ఏ సెక్షన్ ఎక్కడ కూర్చోవాలో లింకర్‌కు చెప్పే ఫైల్, మీ చేతిలో ఉంటే అందులో అసర్ట్ అనే తనిఖీ లైను పెట్టుకోండి. ఫలానా పట్టిక అడ్రసు 4 గుణిజం కాకపోతే లింక్ ఆపెయ్ అని. అప్పుడు రేపు ఇంకెవరో పైన ఒక బైటు చేర్చినా బిల్డ్ దగ్గరే ఆగుతుంది. కార్టెక్స్-ఎం3 వాడేవాళ్ళకు ఇంకో సదుపాయం ఉంది. కాన్ఫిగరేషన్ అండ్ కంట్రోల్ రిజిస్టర్‌లో 3వ బిట్, అన్‌అలైన్ ట్రాప్, అది 1 చేస్తే హద్దు తప్పిన ప్రతి వర్డ్, హాఫ్‌వర్డ్ లోడ్ దగ్గరా, స్టోర్ దగ్గరా ఫాల్ట్ వస్తుంది. పరీక్షించే రోజుల్లో అది వేసి ఉంచండి. దాక్కున్నవన్నీ బయటపడతాయి.

ప్రశ్నలు అడగండి.

ఆ అమ్మాయి అడుగుతోంది, ఇంత తలనొప్పి ఎందుకు సార్, అన్నిటికీ బి-అలైన్ 16 పెట్టేస్తే పోదా అని. పోదమ్మా. పాల పట్టికే తీసుకో. ఒక్కో వర్డుకు 16 పెడితే మొదటి రేటు 4 బదులు 16 దగ్గరికి వెళ్తుంది, కోడ్ ఇంకా 4 దగ్గరే చదువుతుంది. హద్దు ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. పాత అసెంబ్లర్ ఎంత పెట్టిందో అంతే పెట్టాలి. ఆ పట్టికను వాడే కోడ్‌ను కూడా నువ్వే మార్చేటట్టయితే అప్పుడు నీ ఇష్టం.

ఎం3 ఎటూ ఒప్పుకుంటుంది కదా, ఎందుకు సరిచేయాలి అని ఇంకో బాబు అడుగుతున్నాడు. ఎం3 ఒప్పుకునేది ఒక్కొక్క వర్డ్, హాఫ్‌వర్డ్ లోడ్, స్టోర్‌లకే. ఎల్‌డీఎం, ఎల్‌డీఆర్‌డీ, అంటే ఒకేసారి ఒకటికంటే ఎక్కువ వర్డులు తెచ్చేవి, వాటికి నాలుగు బైట్ల హద్దు తప్పితే ఎం3 అయినా ఫాల్టే. ఇవాళ రెండు ఎల్‌డీఆర్‌లు, అంటే ఒక్కో వర్డ్ తెచ్చే లోడ్‌లు ఉన్నచోట రేపు ఎవరో వేగం కోసం ఒక ఎల్‌డీఎం పెడతారు. పైగా ఒప్పుకున్న చోట కూడా అదనపు సైకిళ్ళు పడతాయి.

చివరిది, వెక్టర్ టేబుల్‌ను, అంటే ఇంటరప్టు వస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే అడ్రసుల పట్టికను, ర్యామ్‌లోకి మార్చాలంటే హద్దు ఎంత అని. మంచి ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ నాలుగు చాలదు. ఎం3 లో సిస్టమ్‌వి 16 వర్డులు, వాటికి మీ చిప్‌లోని ఇంటరప్టులు కలపండి. వచ్చినదాన్ని పైనున్న రెండు ఘాతానికి పెంచండి. 21 ఇంటరప్టులు ఉంటే మొత్తం 37 వర్డులు, పైన రెండు ఘాతం 64 వర్డులు, అంటే 256 బైట్లు. ఎంత చిన్న టేబుల్ అయినా 128 బైట్లకు తగ్గకూడదు. పాత ఫైల్లో ఇది ఏరియా లైన్లో అలైన్ ఈక్వల్స్ 8 అని ఉంటుంది, రెండు మీద 8 ఘాతం. దాన్ని చూసి బి-అలైన్ 8 అని రాయకండి. బి-అలైన్ 256 రాసి, లింక్ అయ్యాక ఎన్ఎం‌లో ఆ లేబుల్ అడ్రసు చివరి రెండు హెక్సా అంకెలూ సున్నాలేనా చూసుకుని, అప్పుడు బోర్డులోకి ఎక్కించండి.